నేలవేము: ఒక పేరు, రెండు మొక్కలు

సూరతు నగరమున రింగు రోడ్డు బట్టల అంగళ్లకు ప్రసిద్ధి. ఆ నగరపు మరమగ్గాలపై పనిచేయువారిలో తెలంగాణము నుండి వలసవచ్చిన పద్మశాలీలు పెక్కుమంది కలరు. ఊరు విడిచినవారు భాషను వెంట తెచ్చుకొందురు. పొలముగట్టు మొక్కల పేర్లు మాత్రము ఒక తరములోనే మాసిపోవును. మనము నేలవేమందుమే, అది అచ్చటివారికి ‘లీలూ కరియాతూ’. గుజరాతీ గృహములలో చైత్రమాసమున కరియాతును, కటుకరోహిణిని రాత్రి నానవేసి, ఉదయమున ఆ చేదునీరు త్రాగు ఆచారము కలదు. ఉగాదినాడు వేపపూవు తిను మనకు అది వింతగా తోపదు.

నేలవేము వేపకు చుట్టము కాదు. అడ్డసరపు కుటుంబమునకు చెందిన చిన్నమొక్క. చేదు ఒక్కటే ఆ పేరు తెచ్చిపెట్టినది. సంస్కృతమున దీనికి సరిజోడు ‘భూనింబము’. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. భావప్రకాశము భూనింబమును కిరాతతిక్తమునకు పర్యాయముగా చెప్పినది. కిరాతతిక్తమన హిమాలయపు వాలులలో పెరుగు చిరాయతా. అది దక్షిణమున మొలవదు. కావున గ్రంథమునందలి హిమాలయపు మొక్కకు బదులు మన వైద్యులు చేరువనున్న నేలవేమును చేపట్టిరి. కరియాతు అను మాటలోను కిరాత శబ్దమే వినవచ్చుచున్నది.

జ్వరమునకు, అజీర్ణమునకు, కామెర్లకు, నులిపురుగులకు దీని కషాయము వాడుక. బెంగాలున పసిపిల్లల కడుపునొప్పికి దీని ఆకురసముతో ‘ఆలుయీ’ అను మాత్రలు కట్టుదురు. 1768లో బర్మన్ దీనిని శాస్త్రగ్రంథమున కెక్కించెను. 1832లో నీస్ ‘ఆండ్రోగ్రాఫిస్’ అను నేటి పేరు స్థిరపరచెను. 1868 నాటి భారత ఔషధసంహితలో దీనికి స్థానము లభించినది. 1911లో గోర్టర్ దీని చేదుసారమును వేరుచేసెను. 2020లో థాయిలాండు ప్రభుత్వము కోవిడు స్వల్పలక్షణములకు దీనిని ప్రయోగాత్మకముగా అనుమతించెను. ఐనను ఇది సర్వరోగనివారిణి కాదు. పాముకాటునకు దీనిని నమ్మి ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేయరాదు. గర్భిణులు దీనికి దూరముగా నుండవలెను.

పర్యాయపదములు కవికి సంపద, వైద్యునికి గండము. పేరొకటై మొక్కలు రెండైనచో నష్టపడునది రోగి. కావున నిఘంటుకారులు ‘ఒక చేదుమొక్క’ అని చేతులు దులుపుకొనక, ఏ మొక్కయో, ఏ నేలలో పెరుగునో వ్రాయవలెను. అట్లు వ్రాసిననాడు సూరతులో పుట్టిన తెలుగు బిడ్డ కరియాతును చూచి, ఇది మా తాతల నేలవేమే అని గుర్తింపగలడు.