మూడువందల యేండ్లు ఉపేక్షింపబడిన ప్రాణి

కలరా యన్న మాట చెవి బడినంతనే ఊరంతయు గడగడలాడును. కాని పసిబిడ్డకు నెలల తరబడి కడుపు కుదురుగా లేకుండుట, తిన్నది ఒంటబట్టకుండుట, రెండుదినములు బాగుండి మరల పలుచని విరేచనములగుట - ఇవి మనయిండ్లలో రోగములుగా లెక్కకు రావు. దిష్టి తగిలినదనియో, పండ్లు వచ్చుచున్నవనియో చెప్పుకొని ఊరకుందుము. మలమును గూర్చి ప్రసంగించుట సభ్యులకు తగదను సంకోచమొకటి యిందుకు తోడగుచున్నది. ఆ సంకోచము లేని యొక బట్టల వర్తకునితో నేను చెప్పబోవు చరిత్రము ప్రారంభమగుచున్నది.

హాలండు దేశమునందలి డెల్ఫ్టు నగరవాసియైన లీవెన్‌హుక్ (1632-1723) విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు; లాటిను భాష నెరుగడు. తన చేతులతో తానే అరగదీసిన చిన్న గాజు కటకములతో కంటికి దొరికిన ప్రతి వస్తువును పరీక్షించుచుండెను. 1681వ సంవత్సరము నవంబరు నెలలో లండనునందలి రాబర్ట్ హుక్కునకు వ్రాసిన లేఖలో, తన మలమును తానే పరీక్షించిన సంగతిని దాపరికము లేక తెలిపెను. అది పలుచగా నున్నపుడు అందు బల్లపరుపు కడుపును, కాళ్లవంటి యవయవములును గల సూక్ష్మప్రాణులు చురుకుగా కదలుచుండెననియు, గట్టిగా నున్న దినములలో నవి కానరాలేదనియు వ్రాసెను. నా యభిప్రాయమున ఈ రెండవ సంగతియే యెక్కువ విలువ గలది. ఆతడు ప్రాణిని జూచుటతో తృప్తి నొందక, ఒడలు బాగులేని దినమును బాగున్న దినముతో పోల్చి చూచెను. ఆ వర్ణనము జియార్డియా యను ప్రాణికే చెందునని 1920లో క్లిఫర్డ్ డోబెల్ అను నాంగ్ల శాస్త్రజ్ఞుడు నిర్ణయించెను.

ఆ పోలికను ముందునకు గొనిపోవువారు చిరకాలము లేకపోయిరి. 1859లో ప్రేగు నగరమున లాంబల్ అను వైద్యుడు రోగులైన పిల్లల మలమున దీనిని మరల కనుగొని చక్కని వర్ణనము వ్రాసెను. తరువాత పండితుల శ్రమ చాలవరకు నామకరణమునందే వ్యయమయ్యెను. తుదకు 1915లో పారిసునగరపు జియార్డు పేరును, ప్రేగునగరపు లాంబల్ పేరును గలిపి జియార్డియా లాంబ్లియా యనిరి. పేరు విషయమున ఇంత పట్టుదల చూపినవారు, అది బిడ్డలకేమి చేయుచున్నదో విచారించుటలో చూపలేదు.

ఈ ప్రాణి ఏకకణజీవి. సూక్ష్మదర్శినిలో దాని రెండు కేంద్రకములును రెండు కన్నులవలె గానవచ్చి, ఎవరో మనవంక జూచుచున్నట్లుండును. కొరడాలవంటి యెనిమిది తంతువులతో నీదును. కడుపు వైపునున్న గుండ్రని పళ్లెరమువంటి యంగముతో చిన్నప్రేవు గోడను పట్టుకొనును. గోడను తొలుచుకొని లోనికి బోదు. కావున నెత్తురు పడదు. కాని ప్రేవు ఆహారసారమును, విశేషముగా క్రొవ్వును, పీల్చుకొను శక్తి తగ్గును. అందువలన ఉబ్బరము, దుర్గంధముతో గూడి నీటిపై తేలు జిడ్డు విరేచనములు, క్రమముగా కృశించుట కలుగును. మన వైద్యులు గ్రహణి యని పిలిచిన వ్యాధి లక్షణములలో గొన్ని దీనితో సరిపోవుచున్నవి. అన్ని గ్రహణులును దీనివలననే కలుగునని మాత్రము చెప్పరాదు.

ఇంతటి దానిని వైద్యలోకమేల ఉపేక్షించెను? ఆరోగ్యవంతుల మలమునందును ఇది తరచుగా కనబడుటయే కారణము. రోగము లేనివానియందును ఉన్నది గనుక రోగకారణము కాదని పలువురు తీర్పుచెప్పిరి. నెత్తురు తెప్పించు ఆమీబామీదనే అందరి దృష్టియు నిలిచెను. మొదటి ప్రపంచయుద్ధమున గలిపోలినుండి తిరిగివచ్చిన సైనికుల విరేచనములను పరీక్షించిన ఫాంతమ్, ఆనీ పోర్టర్ అనువారు, ఇది రోగకారియేయని 1916లో వ్రాసిరి. అయినను వివాదము తీరలేదు. 1954లో అమెరికాలో రెండ్‌టార్ఫ్ చెరసాలలోని మనుష్యులపై పరీక్షలు జరిపి, పదికోశములు కడుపులోనికి పోయినను ఇది సోకగలదని తేల్చెను. స్వచ్ఛందముగా ఒప్పుకొన్నవారే యనుమాట నిజమే; బందీయైనవాని యొప్పుకోలు ఎంత స్వచ్ఛందమో పాఠకులే యోచింపవచ్చును.

కోశమనగా ఈ జీవి ప్రేవు విడుచునపుడు తన చుట్టు నిర్మించుకొను గట్టి పొర. ఆ రూపమున చల్లని నీటిలో వారములకొలది జీవించును. నగరముల నీటిలో కలుపు క్లోరిను బాక్టీరియాను జంపినంత సులభముగా దీనిని జంపజాలదు. కాగనిచ్చిన నీటిలో మాత్రము బ్రతుకదు. 1965-66 శీతకాలమున అమెరికాలోని ఆస్పెన్ అను మంచుకొండల విహారస్థలమున, బావులలోనికి మురుగునీరు దిగుటచేత సంపన్నులైన యాత్రికులనేకులు దీని వాతబడిరి. అప్పుడు శంక చాలవరకు తొలగెను. పేదపిల్లల కడుపులలో కనబడినంతకాలము సందేహాస్పదమైన ప్రాణి, విహారయాత్రికుల కడుపులలో కనబడినపుడు రోగకారి యయ్యెను! ప్రపంచారోగ్యసంస్థ దీనిని రోగకారి పరాన్నజీవుల పట్టికలో చేర్చినది 1981లో. లీవెన్‌హుక్ లేఖకు సరిగా మూడువందల యేండ్లకు. 2004లో ఉపేక్షిత వ్యాధుల కార్యక్రమమునందును దీనికి చోటిచ్చిరి.

ఇటీవలి పరిశోధన మరియొక చిక్కును చూపినది. మన రాయవేలూరుతో సహా ఎనిమిది దేశములలోని ఎనిమిది చోట్ల శిశువులను పుట్టినది మొదలు రెండేండ్లవరకు పరీక్షించిరి. ఆ ఫలితములు 2017లో వెలువడెను. అప్పటికప్పుడు కలుగు విరేచనములకును ఈ ప్రాణికిని సంబంధము కానరాలేదు. కాని మొదటి యారునెలలలోపల ఇది సోకి విడువక నిలిచిన శిశువులు, రెండేండ్ల వయస్సునాటికి బరువునందును పొడవునందును వెనుకబడి యుండిరి. తల్లిపాలు మాత్రమే త్రాగిన కాలమున శిశువులకు ఇది తక్కువగా సోకెను.

కావున విరేచనములు లేకున్నను, బిడ్డ ఎదుగుదల ఆగినపుడు వైద్యునిచే మలపరీక్ష చేయించుట యవసరము. ఈ కోశములు ప్రతిదినమును మలముతో వెలువడవు. ఒకనాటి పరీక్షలో కనబడకపోయినచో, దినము విడిచి దినము మూడుసార్లు చూపవలెను.