బంటు నుండి బంట్రోతు దాకా

కచేరీలో కాగితాలు ఒక బల్ల నుండి మరొక బల్లకు మోసే చిరుద్యోగిని మనవాళ్ళు బంట్రోతు అన్నారు. ఆ మాటలో ఒక బంటు దాగి ఉన్నాడు. బంటు అంటే యోధుడు. రామబంటు అన్నప్పుడు ఆ అర్థమే. ఇంగ్లీషువారి ‘ప్యూన్’ కూడా కాలిబంటు అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుండి వచ్చినదే. కత్తి పట్టినవాడు కాగితాలు మోయడానికి దిగివచ్చిన కథ రెండు భాషల్లోనూ ఉండడం నాకు వింతగా తోస్తుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, ఈ కథకు సాక్ష్యం మా నేలలోనే వెదకుతాను.

పాలెగాండ్ర కాలంలో వారి సైనికులకు ప్రతినెలా జీతమనేది లేదు. కొలువుకు బదులుగా ఇనాము భూమి ఇచ్చి, దానిపై స్వల్పమైన పన్ను నిర్ణయించేవారు. ఆ ఏర్పాటుకు పేరు కట్టుబడి. దాని పేరే ఆ బంట్లకూ వచ్చింది. ‘మాటకు కట్టుబడి ఉండడం’ అని మనం నేటికీ అంటూనే ఉన్నాం గదా! భూమి, కొలువు, మర్యాద మూడూ ఒకే ముడిలో ఉండేవి.

1800లో నిజాము దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాడు. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కూడా సిపాయే. 1780లో కాలిదళంలో కేడెట్‌గా మద్రాసులో దిగి, హైదరాలీతో యుద్ధం చేసి, ఆపైన బారామహల్‌లో పన్నుల లెక్కలు నేర్చుకున్నాడు. ఆయనకు సైన్యం నిచ్చెన అయింది. 1820లో మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో మరణించాడు. రైతులు ఆయన పేరు బిడ్డలకు పెట్టుకున్నారంటారు, నేను కాదనను. కాని ఆ రైతుల పక్కనే ఉన్న బంటుకు మన్రో దొర ఏ నిచ్చెనా వేయలేదు. పాలెగాండ్రలో కొందరిని వెళ్ళగొట్టి, కొందరికి భరణం కట్టారు. కొత్త పోలీసు, కొత్త రెవెన్యూ ఉద్యోగులు వచ్చాక కట్టుబడుల కొలువుతో సర్కారుకు పని లేకపోయింది. పట్టాదారు చనిపోగానే అతని ఇనామును సర్కారు కలుపుకోసాగింది. కొడుకుకు తండ్రి నేర్పిన కర్రసాము మిగిలింది, చేను మిగలలేదు.

నంద్యాల 1839 వరకు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండేది. ఆళ్ళగడ్డకు పడమటనున్న ఉయ్యాలవాడ అప్పుడు కడప కలెక్టరు కిందిది. ఆ ఊరి నరసింహారెడ్డికి వచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. బంధువు చనిపోగా ఆగిపోయిన భరణంలో వాటా అడిగితే సర్కారు ఇవ్వనన్నది. 1846 తిరుగుబాటుకు ఇదే కారణమని కొందరు వ్రాస్తారు. నాకు అంత నమ్మకం కుదరదు. పదకొండు రూపాయల కోసం ఒక పెద్దమనిషి అలగవచ్చు, అతని వెంట ఊళ్ళకు ఊళ్ళు ప్రాణాలకు తెగించి నడవవు. నడిచినవారిలో ఇనాములు పోగొట్టుకున్న కట్టుబడులున్నారు. చేతిలో విద్య ఉండి, దానికి అడిగేవాడు లేక, కూర్చుని తినడానికి సెంటు భూమి లేక ఉన్నవారు వారు. కోవెలకుంట్ల ఖజానా మీద పడింది ఆ విద్యే. కొండదారుల్లో కంపెనీ పటాలాన్ని నెలల తరబడి తిప్పిందీ అదే.

అక్టోబరు 6న పేరుసోమల కొండల్లో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. వందలమందిని పట్టుకుని విచారించగా 112 మందికి శిక్షలు పడ్డాయి. 2019లో సినిమా వచ్చాక నరసింహారెడ్డి పేరు తెలియని తెలుగువాడు లేడు. ఆ 112 మందిని ఎవరూ తలచుకోరు.

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. శిరస్సును కోటకు వ్రేలాడగట్టి, 1877 వరకు దించలేదు. ఆ ముప్పయ్యేళ్ళూ కట్టుబడుల పిల్లలు ఆ దారినే సంతకు వచ్చిపోయి ఉంటారు.