కిమిడి మన్నెమున బిసోయీల స్వాతంత్ర్య సమరము

పూండి, పలాస, టెక్కలి ప్రాంతములతోఁ గూడిన ఉద్దానసీమకుఁ దూర్పున సముద్రమును, పడమట మహేంద్రగిరి పంక్తులును హద్దులు. కళింగమునుండి ఉత్కళమునకుఁ బోవు రాచబాట ఈ యిఱుకు నేలమీఁదనే సాగవలసి యుండెను. కొండలు గ్రామములకు అంత చేరువగా నుండుటచే, కనుమను గాచువానిదే సీమ యను విషయమును పూర్వ ప్రభువులు చక్కఁగా గ్రహించిరి. పర్లాకిమిడి గజపతులు ఆ కావలికై మన్నెమున నిలిపిన వారే బిసోయీలు.

బిసోయి యనునది సంస్కృతమందలి విషయిశబ్దమునకు ఓఢ్రభాషా రూపము. విషయశబ్దమునకు ఇంద్రియార్థమే కాక దేశభాగమను నర్థమును గలదు. పాణిని ఈ యర్థమును గ్రహించెను. ప్రాచీన శాసనములందు విషయపతి యను నధికారి నామము తఱచుగాఁ గానవచ్చుచున్నది. కావున బిసోయి యనఁగా ఒక విషయమును ఏలుకొనువాఁడు. అతఁడు మన్నెములోఁ గోట కట్టుకొని, పాయికులను వెంట నుంచుకొని, తన ముఠాను అనుభవించుచు, కట్టుబడి యను స్వల్పమైన పైకమును సంస్థానమునకుఁ జెల్లించెడివాఁడు. సవరలు మైదానముపైఁ బడకుండఁ జూచుటయు, రాజు పిలిచినపుడు సాయుధుఁడై వచ్చుటయు అతని విధులు. ఈ బిసోయీలు ఒడియావారు; మన్నెమునకు వలస వచ్చినవారు. వారికంటె ముందే అచ్చట నున్నవారు సవరలు.

1765లో షా ఆలం పాదుషా ఫర్మానా చేతను, 1766లో నిజాముతోఁ జేసికొన్న సంధిచేతను ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించెను. కాగితముపై వచ్చిన యధికారమును కిమిడి యంగీకరింపలేదు. 1768లో నారాయణదేవు జలుమూరు చెంతఁ గర్నల్ పీచ్ సేనలతోఁ బోరి యోడిపోయెను. మైదానము లొంగినను మన్నెము లొంగలేదు.

ఆ పిమ్మట వచ్చిన మార్పు యుద్ధముకంటె సూక్ష్మమైనది. 1802లో శాశ్వత పరిష్కార శాసనము వెలువడెను. నిర్ణీతమైన శిస్తును గడువునకుఁ జెల్లించుటయే జమీందారుని ముఖ్యధర్మ మయ్యెను. కంపెనీ లెక్కలో భూమి యనఁగా శిస్తు. బిసోయి లెక్కలో భూమి యనఁగాఁ గత్తికిఁ బ్రతిఫలము. రాజునకు సైన్యమే యక్కఱలేనపుడు కనుమకావలివాని స్థానమేమి? ఆతని భూమి యెవరిది? ఈ ప్రశ్నకుఁ గచ్చేరీలలో సమాధానము దొరకలేదు. సంస్థాన పాలనమునుగుఱించిన వివాదములు దీనికిఁ దోడై, మన్నెము మరల మరల రేఁగెను. అడవియు, కొండజ్వరమును బిసోయీలకు సహాయములుగా నిలిచెను. వెదురుపొదలు గోడలైన చోట ఫిరంగులు పెద్దగాఁ బనికిరాలేదు.

1832లో మదరాసు ప్రభుత్వము జార్జి రస్సెలును ప్రత్యేక కమిషనరుగాఁ బంపెను. సైనికశాసనము ప్రకటింపఁబడెను, కోటలు పట్టువడెను, నాయకులలోఁ గొందఱు ఉరితీయఁబడిరి, కొందఱు ద్వీపాంతరమునకుఁ బంపఁబడిరి. అయినను ప్రభుత్వము పాఠము నేర్వకపోలేదు. సాధారణ చట్టములు మన్నెమునకుఁ దగవని యెంచి, 1839 నాఁటి 24వ చట్టముచే ఆ ప్రదేశములను వేఱుచేసి, కలెక్టరునే ఏజెంటుగా నియమించెను. బిసోయీలు యుద్ధమున నోడిరి. తమ సీమ మైదానమువంటిది కాదను వారి వాదము మాత్రము గెలిచినది.

అయితే ఈ స్వాతంత్ర్యము ఎవరిది యను విచారణ యవసరము. బిసోయి కోరిన స్వేచ్ఛలో సవరలను ఏలుకొను స్వేచ్ఛయు నిమిడి యుండెను. సవరలు పోడు చేసి పండించినదానిలోఁ బాలు ఆతనికిఁ జేరుచుండెను. అందుచే సవరల పోరాటము వేఱుగా నడచినది. కిమిడి మన్నెమును దాఁటి, గుణుపురపుఁ గొండలలోని పొట్టాసింగి యందు, 1864లోఁ బోలీసులు ఒక సవర పెద్దను అన్యాయముగా నిర్బంధించిరి. సవరలు వానిని విడిపించి, ఇన్స్పెక్టరును నలుగురు కానిస్టేబులులను జంపి, ఠాణాను దగ్ధము చేసిరి. ఐదుగురు ఉరితీయఁబడిరి, తొమ్మండ్రు యావజ్జీవము ద్వీపాంతరమునకుఁ బోయిరి. వారు కోటలకొఱకుఁ గాని ముఠాలకొఱకుఁ గాని పోరినవారు కారు. తమ పెద్ద యొక్కనికొఱకుఁ బోరిరి.

కొండ క్రిందను ఈ ప్రశ్న సమసిపోలేదు. 1936లో ఒడిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి పట్టణము అటు చేరినది; టెక్కలి, మందసాలు ఇటు నిలిచినవి. 1940 ఏప్రిల్ 1న మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురమునందు, అడవి కలపపై హక్కును గోరిన రైతులపైఁ బోలీసులు కాల్పులు జరిపిరి. నేలకొఱగిన వారిలో సాసుమాన గున్నమ్మ యొకతె. ఆమెకుఁ గోట లేదు, పాయికులు లేరు.

బిసోయీల శౌర్యము స్మరణీయమే. కాని భూమిపై హక్కు కావలివానికే కాక, దానిని దున్నువానికిని, ఆ యడవిలోఁ బుట్టినవానికిని గలదని చెప్పినవారు సవరలును, ఉద్దానపు రైతులును. ఈ సీమ స్వాతంత్ర్య చరిత్రమున వీరికిఁ బ్రథమస్థానము నిచ్చుట న్యాయము.