పొలంలో బంగారు నాణేలు దొరికితే? ఒక సుత్తి కథ, మా అమ్మమ్మ కమ్మల కథ

పోయిన ఎపిసోడ్‌లో పాత నాణేల గురించి మాట్లాడాక నాకు వచ్చిన మెసేజుల్లో సగానికి సగం ఒకటే ప్రశ్న. "బ్రో, మెటల్ డిటెక్టర్ ఏది కొంటే బెటర్?" ఒకాయన ఏకంగా తన పొలం ఫోటో పెట్టి, "ఇక్కడ లంకెబిందెలు ఉన్నాయని మా తాత చెప్పేవాడు, మీరొస్తే సగం సగం" అన్నాడు. నవ్వుకుని వదిలేద్దామనుకున్నా. కానీ ఇలాంటి కథ మా ఇంట్లోనే ఒకటి ఉంది. అది కాసేపాగి చెప్తా. ముందు ఇంగ్లండ్ వెళ్లొద్దాం.

1992 నవంబర్ 16. సఫోక్ ప్రాంతంలో హాక్సన్ అని ఒక చిన్న పల్లెటూరు. అక్కడ ఒక రైతు సుత్తి పొలంలో ఎక్కడో పడిపోయింది. ఆయన ఫ్రెండ్ ఒక రిటైరైన తోటమాలి, ఆయన దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. "కాస్త వచ్చి నా సుత్తి వెతికిపెట్టవా" అని పిలిచాడు. ఈయన వెళ్లి పొలంలో అటూ ఇటూ తిప్పుతుంటే మిషన్ గట్టిగా మోగింది. తవ్వితే సుత్తి కాదు. వెండి స్పూన్లు, బంగారు నగలు, నాణేలు. గుప్పిళ్లతో తీస్తుంటే ఇంకా వస్తూనే ఉన్నాయి.

మీరైతే ఏం చేస్తారు? నిజం చెప్పండి. నేనైతే చీకటి పడేదాకా తవ్వేవాణ్ణి.

ఆయన కొంత తీసి, ఆగిపోయాడు. రైతుతో కలిసి పోలీసులకు, అధికారులకు చెప్పాడు. మర్నాడే ఆర్కియాలజిస్టులు వచ్చి, ఊళ్లో ఎవరికీ తెలియకుండా, ఒక్కరోజులో మొత్తం జాగ్రత్తగా తవ్వి తీశారు. లెక్కపెడితే 14,865 నాణేలు. అందులో 569 బంగారువి, 14,272 వెండివి, 24 కంచువి. ఇవి కాక దాదాపు 200 బంగారు, వెండి వస్తువులు. రోమన్ల కాలం నాటి సొత్తు. బ్రిటన్‌లో రోమన్ల పాలన ముగిసేది క్రీ.శ. 410 ప్రాంతంలో. ఈ కుప్పలో అన్నిటికన్నా కొత్త నాణెం 407, 408 నాటిది. అంటే ప్రభుత్వం కూలిపోతున్న రోజుల్లో ఏదో డబ్బున్న కుటుంబం తమ సొత్తంతా పెట్టెలో సర్ది పాతిపెట్టింది. మళ్లీ తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

పెట్టె అన్నాను కదా, ఆ పెట్టె మనకు దొరకలేదు. చెక్క ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. మరి పెట్టె ఉందని ఎలా తెలిసింది? మేకులు, తాళాలు, వస్తువులు పేర్చిన తీరు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి కాబట్టి. అది ఓక్ చెక్క పెట్టె అని, సుమారు 60 సెంటీమీటర్ల పొడవని, లోపల ఇంకా చిన్న పెట్టెలున్నాయని, కొన్ని వస్తువుల మధ్య గడ్డి కుక్కారని తేల్చారు. ఒక బంగారు గాజు మీద యూలియానా అనే ఆవిడ పేరుంది. పదహారు వందల ఏళ్ల కిందట ఒక ఇంట్లో కంగారుగా, కానీ పద్ధతిగా సామాను సర్దిన దృశ్యం మొత్తం మన కళ్లముందుకొచ్చింది. ఆయన ఆ రోజు ఆగకుండా తవ్వేసి ఉంటే మనకు మిగిలేది సంచుల్లో బంగారం మాత్రమే. నాణెం ఒక్కటే దొరికితే అది టైమ్‌స్టాంప్ లేని లాగ్ ఫైల్ లాంటిది. ఏదో జరిగిందని తెలుస్తుంది, ఏం జరిగిందో తెలియదు.

ఆ పెట్టెలో నాకు బాగా నచ్చింది ఒక వెండి మిరియాల డబ్బా. ఒక రోమన్ దొరసాని బొమ్మ ఆకారంలో ఉంటుంది. ఆ రోజుల్లో మిరియాలు ఎక్కడివి? మన దేశానివి, ముఖ్యంగా కేరళ తీరానివి. మన మిరియాలకు, ముత్యాలకు, బట్టలకు రోమ్ నుంచి బంగారం ఎంత వచ్చేదంటే, ప్లీనీ అనే రోమన్ రచయిత ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని మొత్తుకున్నాడు. సెస్టర్స్ అంటే వాళ్ల నాణెం. ఆ బంగారం మన నేలలోనూ దొరికింది. మన వినుకొండ దగ్గర 19వ శతాబ్దంలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఎవరో అప్పగించారు, ఇంకెవరో రాసిపెట్టారు. అందుకే ఈరోజు ఆ మాట చెప్పగలుగుతున్నాం.

సరే, సుత్తి తోటమాలి సంగతి. నిధి విలువ 17.5 లక్షల పౌండ్లని లెక్కగట్టి ఆయనకు ఇచ్చారు. ఆయన రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. అది కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

ఇప్పుడు దీనికి రివర్స్ కథ. 2015లో అదే ఇంగ్లండ్‌లో లెమ్‌స్టర్ అనే ఊరి దగ్గర ఇద్దరు మెటల్ డిటెక్టర్ వేసుకుని ఒక పొలంలోకి వెళ్లారు. వాళ్లకు వైకింగ్‌ల కాలం నాటి నిధి దొరికింది. బంగారు ఉంగరం, బంగారు కంకణం, దాదాపు 300 నాణేలు. పొలం ఓనర్‌కు చెప్పలేదు, ప్రభుత్వానికి చెప్పలేదు. చాటుగా అమ్మకానికి పెట్టారు. అనుమానం వచ్చి పోలీసులు వాళ్ల ఫోన్ తీసుకుంటే, డిలీట్ చేసిన ఫోటోలు బయటపడ్డాయి. నిధి మొత్తం మట్టితో సహా ఆ ఫోటోల్లో ఉంది. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి చెప్తున్నా, డిలీట్ కొడితే ఫోటో వెంటనే పోదు, దాని అడ్రస్ మాత్రమే పోతుంది. 2019లో కోర్టు ఒకరికి పదేళ్లు, ఇంకొకరికి ఎనిమిదిన్నరేళ్లు జైలు వేసింది. అప్పీల్‌లో తర్వాత తగ్గించారు. కానీ 300 నాణేల్లో అప్పటికి దొరికినవి 31 మాత్రమే.

ఆ 31లో కొన్నిటి మీద ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చున్న బొమ్మ ఉంది. ఆ బొమ్మతో నాణేలు వేయించింది ఇద్దరు రాజులు. ఒకరు ఆల్‌ఫ్రెడ్, ఇంగ్లండ్ చరిత్రలో పెద్ద హీరో. రెండో ఆయన చెయోల్‌వుల్ఫ్. ఆల్‌ఫ్రెడ్ మనుషులు తర్వాత రాసిన చరిత్రలో ఈ చెయోల్‌వుల్ఫ్‌ను తెలివితక్కువవాడిగా, వైకింగ్‌ల కీలుబొమ్మగా తీసిపారేశారు. నాణేలు చూస్తే ఇద్దరూ ఒకప్పుడు జతగా ఉన్నారు. గెలిచినవాళ్లు పక్కకు నెట్టేసిన మనిషి తరఫున సాక్ష్యం చెప్పింది ఆ నాణేలే. మిగతావి ఇంకేం చెప్పేవో!

ఇక మెటల్ డిటెక్టర్ మాటకొద్దాం. 1881లో అమెరికా ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్‌ను ఎవరో కాల్చితే, ఒంట్లో తూటా ఎక్కడుందో వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి మిషనే తయారుచేశాడు. తూటా మాత్రం దొరకలేదు. మంచం స్ప్రింగులు కూడా లోహమే కదా. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ ఇంజినీర్ ఒకాయన మందుపాతరలు వెతికే మిషన్ చేశాడు. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన అలాంటి మిషన్లతోనే ఈ హాబీ ఊపందుకుంది. సూత్రం సింపుల్. చుట్టలోని కరెంటు వల్ల అయస్కాంత క్షేత్రం పుడుతుంది, కింద లోహం ఉంటే దాంట్లో చిన్న కరెంటు పుట్టి సిగ్నల్ తిరిగొస్తుంది. మామూలు మిషన్‌కు ఒక నాణెం జానెడు లోతులో ఉంటే తెలుస్తుంది, అంతకన్నా లోతుంటే కష్టం. యూట్యూబ్‌లో చూపించినట్టు పది అడుగుల కింద బిందె ఉందని చెప్పేది మిషన్ కాదు, మిమ్మల్ని ముంచేవాడు.

మన దగ్గర ఈ పిచ్చి ఎక్కడికి పోయిందో రోజూ పేపర్లో చూస్తున్నాం. గుప్తనిధుల కోసం పాత గుళ్లలో నందిని పగలగొట్టడం, శివలింగాన్ని పెకిలించడం, అర్ధరాత్రి క్షుద్రపూజలు. దొరికేది ఏమీ ఉండదు, పోయేది మాత్రం వెయ్యేళ్ల గుడి.

మరి చట్టం ఏమంటుంది? 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్. నేలలో దాగి ఉన్నది ఏదైనా, పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు. దాచిపెడితే ఏడాది దాకా జైలు, పైగా మీ వాటా ప్రభుత్వానికి పోతుంది. మీ వాటా అన్నాను, విన్నారా? అసలు సొంతదారులు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి ఓనర్‌కు ఒక వంతు. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువ, దాని మీద ఇంకో ఐదో వంతు కలిపి డబ్బు కట్టాలి. బంగారం రేటుకు ఇస్తారు కానీ చరిత్ర విలువకు ఇవ్వరు, అది ఈ చట్టంలో లోటే. ఇంగ్లండ్ వాళ్లు 1996లో కొత్త చట్టం తెచ్చారు. మార్కెట్ రేటు ఇస్తారు, అందుకే జనం వచ్చి చెప్తారు. మనది 1878 దగ్గరే ఆగింది.

ఇప్పుడు మా ఇంటి కథ. మాది గోదావరి జిల్లా. అమ్మమ్మ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, మా తాతయ్య వాళ్ల అన్నయ్య దుక్కి దున్నుతుంటే నాగలికి చిన్న ముంత తగిలింది. లోపల పిడికెడు బంగారు నాణేలు. ఇంటిల్లిపాదీ తలుపులేసుకుని చూశారంట. రెండు రోజుల్లో కంసాలి దగ్గర కరిగించేశారు. అందరికీ తలా కొంచెం. అమ్మమ్మ వాటాకు కమ్మలొచ్చాయి. ఇప్పుడవి మా అమ్మ చెవులకున్నాయి.

నేను ఈ ఛానల్ మొదలుపెట్టాక అమ్మమ్మను కూర్చోబెట్టి అడిగాను, ఆ నాణేల మీద ఏముండేదని.

"పల్చగా ఉండేయిరా, రూపాయి బిళ్లకన్నా పెద్దయి. మధ్యలో పంది బొమ్మ. చుట్టూ ఏయో అచ్చరాలు."

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పంది అంటే వరాహం, చాళుక్యుల గుర్తు. రాజమహేంద్రవరం నుంచి ఏలిన తూర్పు చాళుక్యుల బంగారు నాణేలు అచ్చం ఇలాగే ఉంటాయి. పల్చటి బిళ్ల, మధ్యలో వరాహం, అంచు చుట్టూ రాజు పేరు, పాలనలో ఎన్నో ఏడో. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుడు, అంటే నన్నయ్యతో మహాభారతం రాయించిన రాజు, ఇలాంటివి వేయించారు. అవి బర్మా తీరంలో కూడా దొరికాయి. గోదావరి నుంచి అక్కడిదాకా మన వ్యాపారం నడిచిందనడానికి ఆ నాణేలే ఆధారం. మా పొలంలో ముంత ఎవరు పాతారు? వ్యాపారా, గుడి పూజారా, ఏదైనా యుద్ధానికి భయపడి పారిపోయినవాళ్లా? ఆ అక్షరాల్లో ఏ రాజు పేరుంది? కొలిమిలో అంతా పోయింది.

"అప్పుడే ఎవరికైనా చెప్పాల్సింది కదా అమ్మమ్మా" అన్నాను.

"చెప్తే గవర్నమెంటోళ్లు పట్టుకుపోతారని బయమేసింది నాన్నా. మాకేం తెలుసు?"

నేను ఆవిణ్ణి తప్పు పట్టలేను. చట్టంలో మూడు వంతులు దొరికినవాళ్లకే అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఊళ్లలో ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ ఎపిసోడ్.

కాబట్టి ఫ్రెండ్స్, మెటల్ డిటెక్టర్ కొనమని నేను చెప్పను. రక్షిత కట్టడాలు, పాత గుళ్లు, కోటల దగ్గర తవ్వకం నేరం. కానీ ఇల్లు కడుతుంటేనో, బోరు వేస్తుంటేనో, దున్నుతుంటేనో ఏదైనా బయటపడొచ్చు. అప్పుడు తవ్వడం ఆపండి. ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో ఫోటో తీయండి, లొకేషన్ ఆన్‌లో పెట్టి. కడగొద్దు, తోమొద్దు. కలెక్టర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

మీ ఇంట్లో కూడా ఇలా కరిగిపోయిన నాణేల కథ ఉంటే, బతికున్న పెద్దవాళ్లను ఈ వారమే అడగండి. బొమ్మ ఏంటి, సైజు ఎంత, ఎక్కడ దొరికింది. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మా అమ్మమ్మ చెప్పిన ఆ మూడు ముక్కలు నేను రికార్డు చేసి దాచుకున్నాను. మా ముంతకు మిగిలిన చరిత్ర అంతే. వచ్చే వారం కలుద్దాం, బై.