మన నాయకుల సమాధులు ఎక్కడున్నాయి?

అమెరికాలో స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఒక పని చేస్తుంటారు. ఒక కౌంటీని, అంటే మన జిల్లా లాంటి దాన్ని, తీసుకుంటారు. అందులో ఉన్న శ్మశానాల వివరాలన్నీ సేకరిస్తారు. చట్టసభ సభ్యులుగా, మేయర్లుగా, న్యాయమూర్తులుగా పనిచేసి అక్కడ సమాధి అయినవారి పేర్లు, పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు, చేసిన పదవులు ఒక జాబితాగా రాస్తారు. సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కి ఉంటాయి, చర్చి పుస్తకాల్లో తేదీలు ఉంటాయి. కాబట్టి వందేళ్ల కింద చనిపోయిన చిన్న ఊరి నాయకుడు కూడా ఎక్కడ ఉన్నాడో తెలిసిపోతుంది.

ఇదే పని పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో చేయాలంటే ఎట్లా? హుస్నాబాద్‌లో మొదలుపెట్టి గోదావరి దాటి జోడేఘాట్ దాకా పోతే మన జాబితాలోకి ఎవరు వస్తారు, ఎవరు రాకుండా పోతారు? గిరిజన యువత, ఉపాధ్యాయులు కలిసి ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ముందుగా మన పద్ధతి ఒకటి గుర్తు చేసుకోవాలి. మన ఊళ్లలో కొందరిని కాలుస్తారు, కొందరిని బొంద పెడతారు. బొందలగడ్డలో ఒక రాయి పాతుతారు, లేదా నాలుగు రాళ్లు పేరుస్తారు. ఆ రాయి మీద అక్షరాలు చెక్కే అలవాటు మనకు తక్కువ. ఇది ఫలానా తాతది అని చెప్పే మనిషి బతికి ఉన్నన్ని రోజులే ఆ రాయికి పేరుంటుంది. చెప్పే మనిషి పోయాక అది మామూలు రాయి అయిపోతుంది.

హుస్నాబాద్ ప్రాంతంలో పెరిగిన రాజకీయ నాయకుల్లో అందరికంటే పెద్ద పదవి చేసింది పి.వి. నరసింహారావు. ఆయన ఊరు వంగర, హుస్నాబాద్ నియోజకవర్గంలోనే ఉంది. 1971 నుంచి 1973 దాకా ముఖ్యమంత్రిగా, 1991 నుంచి 1996 దాకా ప్రధానిగా పనిచేశారు. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో చనిపోయారు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి, స్మారకం కూడా అక్కడే ఉంది. పెద్ద పదవి చేసిన మనిషి చివరి చోటు రాజధానిలో ఉండటం సహజమే. ఆయన జీవితం గురించి పుస్తకాలున్నాయి, చట్టసభల రికార్డులున్నాయి. సమాధి ఊళ్లో లేకున్నా ఆయన చరిత్రకు వచ్చిన లోటు ఏమీ లేదు.

అదే హుస్నాబాద్ పక్కన మహమ్మదాపూర్ గుట్టలున్నాయి. 1948 మార్చి 14న అక్కడ నిజాం బలగాల చేతిలో అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి సహచరులు ప్రాణాలు విడిచారు. ప్రభాకరరావు కరీంనగర్ దగ్గరి పోలంపల్లి వాడు. ఆంధ్ర మహాసభలో పనిచేసి, తరువాత సాయుధ పోరాటంలో దళానికి నాయకత్వం వహించాడు. ఊరూరా పటేలు, పట్వారీల దగ్గరున్న లెక్కల పుస్తకాలను తగలబెట్టించడం ఆ దళం చేసిన ముఖ్యమైన పని. ఆ పుస్తకాల్లో రైతుల అప్పులు, శిస్తులు, బకాయిలు రాసి ఉండేవి. పేదవాడి పేరు కాగితం మీదికి ఎక్కిందంటే అది బాకీదారుగానే ఎక్కేది. ఇప్పుడు ఏటా మార్చి 14న ఆ అమరులను తలచుకుంటారు. నాయకులిద్దరి పేర్లు చాలామందికి తెలుసు. వాళ్ల పక్కన పడిపోయిన మిగతావాళ్ల పేర్లు మన పిల్లల్లో ఎందరు చెప్పగలరు?

హుస్నాబాద్, అక్కన్నపేట మండలాల్లో లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. తండాకు నాయక్ ఉంటాడు, కార్భారి ఉంటాడు. తగవులు తీర్చడం, పెళ్లి మాటలు ఖాయం చేయడం, పోలీసులతో, అటవీ సిబ్బందితో మాట్లాడటం, కరువొస్తే తండాను ఎటు తీసుకుపోవాలో నిర్ణయించడం వాళ్ల పని. ఇవన్నీ రాజకీయ నాయకుడు చేసే పనులే. కాని తండాలు చాలాకాలం పెద్ద ఊళ్లకు అనుబంధంగానే ఉన్నాయి. సర్పంచ్ కుర్చీ పెద్ద ఊళ్లోనే ఉండేది. 1976లో చేసిన చట్ట సవరణతోనే తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. 2018 పంచాయతీరాజ్ చట్టం తరువాతే చాలా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అంతకుముందు నాలుగు తరాల నాయక్‌ల పేర్లు ఏ ఎన్నికల రికార్డులోనూ దొరకవు. పదవుల లెక్కన జాబితా రాస్తే తండాల చరిత్ర 2019 ఎన్నికలతో మొదలైనట్టు కనిపిస్తుంది.

ఇక గోదావరి దాటుదాం. పాత ఆదిలాబాద్ జిల్లాలో మొదట చెప్పుకోవలసిన చోటు నిర్మల్. రోహిల్లాలను, గోండులను కలుపుకొని బ్రిటిష్ వాళ్ల మీద, నిజాం మీద పోరాడిన రాంజీ గోండును 1860 ఏప్రిల్ 9న అక్కడ ఉరి తీశారు. ఆయనతోపాటు వెయ్యిమందిని ఒకే మర్రికి వేలాడదీశారని జనం చెప్పుకుంటారు. అందుకే దానికి వెయ్యి ఉరుల మర్రి అని పేరొచ్చింది. ఆ మర్రి ఇప్పుడు లేదు. పట్టణంలో రాంజీ స్మారకం ఉంది. వెయ్యిమందిలో మనకు మిగిలింది ఒక్క పేరు.

తరువాత జోడేఘాట్. కుమ్రం భీం పన్నెండు గూడేల భూమి, అడవి కోసం నిజాం సర్కారుతో మొదట మాట్లాడాలనే చూశాడు. మా గూడేల మీద మాకు హక్కు కావాలని అడిగాడు. సర్కారు వినకపోవడంతో పోరాటం సాగింది. 1940లో జోడేఘాట్ గుట్టల్లో భీం, ఆయన సహచరులు తుపాకీ గుండ్లకు బలయ్యారు. శవాలను ఇంటివాళ్లకు ఇవ్వకుండా అక్కడే కాల్చేశారని పెద్దలు చెబుతారు. పుస్తకాల్లో ఆయన చనిపోయిన తేదీ ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంది. మనవాళ్లు మాత్రం తేదీ లెక్క పట్టుకోలేదు, పౌర్ణమిని గుర్తుపెట్టుకున్నారు. ప్రతి ఏడాది ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో వర్ధంతి జరుగుతుంది. రాయి మీద చెక్కని దాన్ని గోండులు చంద్రుని లెక్కలో దాచుకున్నారు. ఇప్పుడు అక్కడ విగ్రహం, మ్యూజియం ఉన్నాయి. 2016లో ఏర్పడిన జిల్లాకే ఆయన పేరు పెట్టారు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. రాంజీని, భీంను అందరూ తిరుగుబాటుదారులనే రాస్తారు. రాజకీయ నాయకులని రాసేవాళ్లు తక్కువ. జనాన్ని కూడగట్టడం, కోరికలు ముందుపెట్టడం, సర్కారుతో మాట్లాడటం, ఒప్పుకోకపోతే ఎదిరించడం రాజకీయమే. గిరిజనులకు ఓటు, సీటు వచ్చింది 1952 ఎన్నికల నుంచి. ఆ తరువాతి వాళ్లను, ఆసిఫాబాద్ నుంచి గెలిచి మంత్రి అయిన కొట్నాక భీంరావు వంటివారిని, శాసనసభ రికార్డుల్లో వెతికి పట్టుకోవచ్చు. అంతకు ముందటివాళ్లకు పదవి లేదు గనుక వాళ్లు నాయకులు కాకుండా పోతారా?

భీం మరణం తరువాత గోండుల కష్టాలేమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమెండార్ఫ్‌ను నియమించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గూడెంలో ఉండి పనిచేశారు. గోండు పిల్లల బడులు, గోండు ఉపాధ్యాయుల శిక్షణ అక్కడి నుంచే మొదలయ్యాయి. ఆయన సలహాలతో వేల కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి. బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోతే, ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలో సమాధి చేశారు. హైమెండార్ఫ్ 1995లో లండన్‌లో చనిపోయారు. తరువాత ఆయన అస్థికలు కూడా మార్లవాయికే చేరాయి. ఏటా జనవరి 11న గోండులు వచ్చి నివాళి అర్పిస్తారు. ప్రేమగా చూసినవాళ్లను మనవాళ్లు ఎంత కాలమైనా మరవరని ఈ సమాధులు చెబుతాయి. అయితే ఆ రోజుల్లో వాళ్లకు దారి చూపినవాళ్లు, భాష నేర్పినవాళ్లు, తొలి బడుల్లో పంతుళ్లయినవాళ్లు మన గూడేల మనుషులే. ఇంత గౌరవానికి వాళ్లూ అర్హులే. వాళ్ల బొందలు ఎక్కడున్నాయో కూడా రాసి పెట్టుకోవాలి.

చివరగా ఇంద్రవెల్లి. 1/70 చట్టం ఉండి కూడా భూములు చేజారిపోతుంటే, 1981 ఏప్రిల్ 20న గిరిజన రైతు కూలీ సంఘం సభకు మనవాళ్లు గూడేల నుంచి కదిలి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని సర్కారు చెప్పింది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని హక్కుల సంఘాలు, గూడేల ప్రజలు చెబుతూ వచ్చారు. అమరుల కోసం స్తూపం కట్టారు, దాన్ని కూల్చేశారు, మళ్లీ కట్టారు. చాలా ఏళ్లు ఏప్రిల్ 20న అక్కడికి పోనివ్వకుండా ఆంక్షలు పెట్టారు. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ స్తూపం దగ్గర నివాళి అర్పించారు. నలభై ఏళ్లకు పైగా అంకె మీద వాదన నడిచింది. ఊరూరా పేర్లు రాసుకొని ఉంటే ఆ వాదనకు జవాబు మన చేతిలోనే ఉండేది. అంకెను కాదనడం తేలిక. ఇంటిపేరు, గూడెం పేరు, తండ్రి పేరు ఉన్న మనిషిని కాదనడం కష్టం.

చనిపోయినవాళ్లను పేరుపేరునా తలచుకోవడం మనకు కొత్త కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు వచ్చే మెస్రం వంశస్థులు తమలో చనిపోయినవారి కోసం తూమ్ పూజలు చేస్తారు. ప్రధాన్లు కిక్రీ మీటుతూ వంశ చరిత్రలు గానం చేస్తారు. గుంజాలలో దొరికిన గోండి రాతప్రతులు మనవాళ్లకు సొంత లిపి ఉండేదని చూపించాయి. 2018 నుంచి ఆ లిపిని కంప్యూటర్లలో, ఫోన్లలో రాసుకునే వీలు కూడా కలిగింది. పాడే నోరు ఉంది, రాసే లిపి ఉంది. ఈ రెండింటినీ కలిపే పని మిగిలింది.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ పని ఒక నోటు పుస్తకంతో మొదలుపెట్టవచ్చు. తరగతిలోని ప్రతి పిల్లవాడు, పిల్ల తన తండా లేదా గూడెంలో ఒక నాయకుని గురించి ఇంట్లో తాతను, అవ్వను అడగాలి. పేరు, ఇంటిపేరు, గోత్రం లేదా దేవతల సగ, ఊరి కోసం చేసిన పని, చనిపోయిన కాలం, బొంద పెట్టిన లేదా కాల్చిన చోటు, అక్కడున్న గుర్తు, ఈ సంగతి చెప్పినవారి పేరు రాయాలి. సంవత్సరం తెలియకపోతే పెద్ద కరువు ముందరనా, రజాకార్ల కాలమా, ఇంద్రవెల్లి కాల్పుల తరువాతనా అని అడగాలి. ఒకరు చెప్పిన సంగతిని ఇంకొకరిని అడిగి సరిచూసుకోవాలి. ఇద్దరు రెండు తీర్లుగా చెబితే రెండూ రాయాలి. ఇంటివాళ్ల అనుమతి లేకుండా బొందల దగ్గర ఫోటోలు తీయొద్దు. ఆడవాళ్లను తప్పకుండా అడగాలి. సభల్లో మాట్లాడింది మగవాళ్లు కావచ్చు, అటవీ సిబ్బందికి అడ్డం నిలబడినవాళ్లలో, జైలుకు అన్నం మోసినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంద్రవెల్లినాడు ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. భీంను చూసినవాళ్ల మాటలు విన్నవాళ్లు ఇంకా పెద్దవాళ్లు. ప్రతి వానాకాలం, ప్రతి చలికాలం కొందరు తగ్గిపోతున్నారు. వచ్చే ఆశ్వయుజ పౌర్ణమి నాటికి ఒక్కో బడి పది పేర్లు రాసినా, జోడేఘాట్‌లో అందరి ముందు చదవడానికి మన దగ్గర ఒక జాబితా ఉంటుంది.