గడ్డకట్టని ఊళ్లో పంపుల కథ



చలికాలం రాంగనే ఫోన్లల్ల కొన్ని వీడియోలు తిరుగుతయి. ఎక్కడో మంచు దేశంలో రైతు తన పంపులోని నీళ్లన్నీ వంపేస్తడు, మందు కొట్టే యంత్రం గొట్టాలు దులిపి షెడ్డుల పెడతడు, పైపులకు బట్ట చుడతడు. మనం కూడా ఇట్ల చెయ్యాల్నా అని కొందరు అడుగుతున్నరు. అవసరం లేదని ఒక్క మాటలో చెప్పొచ్చు. కానీ మన మేడ్చల్, శామీర్‌పేట, కుత్బుల్లాపూర్ దిక్కు పంపులను ఇన్నేండ్లు దేని నుంచి కాపాడుకుంటూ వచ్చినమో తెలిస్తే, ఇప్పుడు దేనికి భయపడాల్నో తెలుస్తది. కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

ముందు వాళ్ల భయం చూద్దాం. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతయి. పంపు బాడీ పోత ఇనుము, అది సాగదు, పగులుతది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి కరెంటు పోతే ఇండ్లల్ల పైపులు పగిలి నీళ్లు కారినయి. డాలస్, హ్యూస్టన్ దిక్కు మనోళ్లు చాలామంది ఉన్నరు, ఆ కష్టం వాళ్లకు తెలుసు. మన హైదరాబాద్‌లో రికార్డులకెక్కిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. నీళ్లు గడ్డకట్టాలంటే సున్నాకు పోవాలె. విశాఖ మన్యంలో లంబసింగి దిక్కు ఉండేటోళ్ల సంగతి వేరు. మన దగ్గర పంపు పగిలే చలి రాలేదు.

మరి మన పంపులకు శత్రువు ఎవరు? కాలాన్ని బట్టి మారుకుంటూ వచ్చిండు.

మొదలు మోట. పెద్ద తోలు సంచి, దానికి కింద తొండం, పైన గిలక, మోకు, రెండు ఎడ్లు. దాని శత్రువు ఎండ. తోలు ఎండితే బిరుసెక్కి చీలుతది. అందుకే ఆముదం రాసి మెత్తగ ఉంచేటోళ్లు, పని లేనప్పుడు ఎలుకలకు అందకుండ ఎత్తున కట్టేటోళ్లు. బాయిల నీళ్లు తగ్గితే మోట సగమే నిండి వచ్చేది. ఇంక చాలు అని ఎడ్లను విప్పేటోళ్లు. ఈ ముచ్చట గుర్తు పెట్టుకోండి, చివర మళ్ల అవసరం పడతది.

తర్వాత ఆయిల్ ఇంజన్ వచ్చింది. పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ పెట్టింది కూడా 1946లనే. ఆ తర్వాత కొన్నేండ్లకు ఇంజన్ చప్పుడు మన బాయిల కాడికి చేరింది. చలితో మనకు కొంచెం తంటా వచ్చిందంటే ఈ కాలంలనే. పొద్దున్నే డీజిల్ ఇంజన్ తొందరగా ఎత్తుకునేది కాదు. హ్యాండిల్ తిప్పి తిప్పి రెక్కలు పడిపోయేవి. కొందరు చల్లబరిచే తొట్టిల గోరువెచ్చని నీళ్లు పోసి తిప్పేటోళ్లు. మంచు దేశాల్లో పగిలేది సరిగ్గ ఆ నీళ్ల తొట్టే. మన దగ్గర పగలలేదు గాని, ఫుట్‌వాల్వు కారి పంపుల నీళ్లు దిగిపోయేవి. పేడనీళ్లు పోసి పంపు నింపుకునుడు ఆ కాలం వాళ్లందరికీ ఎరుకే.

చలికాలంలో మందు పంపుల సంగతికొస్తే ద్రాక్ష తోటలను మర్చిపోవద్దు. ఒకప్పుడు ఈ దిక్కంతా అనాబ్-ఎ-షాహి పందిళ్లే. అక్టోబరులో కొమ్మలు కత్తిరించినంక లేత చిగుర్ల మీద పొగమంచు దిగిందంటే బూజు తెగులు పట్టేది. దానికి బోర్డో మిశ్రమం కొట్టాలె. 100 లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మెరిసే ఇనుప కత్తిని అందుల ముంచి తీస్తే ఎర్రగ రాగి అంటుకుందంటే సున్నం చాలలేదని లెక్క. ఆ మందు పంపుల నిలవుంటే ఇనుమును తింటది, సున్నం పోయి నాజిల్‌కు అడ్డం పడతది. అందుకే మందు కొట్టుడు అయిపోంగనే మంచినీళ్లు పోసి, గొట్టంలకెల్లి తేటగ వచ్చేదాక కొట్టేటోళ్లు. మంచు దేశపోళ్లు గడ్డకడతదని వంపేస్తే, మనోళ్లు తుత్తానికి భయపడి వంపేసిన్రు. పని ఒక్కటే, కారణం వేరు.

కరెంటు మోటర్లు వచ్చినంక శత్రువు తీగల వెంబడి వచ్చిండు. వోల్టేజీ తగ్గితే మోటరు ఎక్కువ ఆంప్స్ లాగి వైండింగు కాలుతది. మూడు ఫేజుల్ల ఒకటి పోయినా అంతే. 2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద సంతకమైంది. బిల్లు బాధ పోయింది గాని కరెంటు విడతలు విడతలుగ, సగం రాత్రిపూట వచ్చేది. చలిల, చీకట్ల, పాములుండే గట్ల మీద నడిచి పోయి తడి చేతులతో స్టార్టర్ పట్టుకోవాలె. ఎంతోమంది అట్లనే పోయిన్రు. అందుకే రైతు ఆటో స్టార్టర్ పెట్టుకున్నడు. కరెంటు రాంగనే మోటరు దానంతట అదే తిరుగుతది. ఆటో స్టార్టర్‌ను చానామంది తప్పుపట్టిన్రు గాని, అది మోటరును కాదు, మనిషిని కాపాడేందుకు వచ్చింది.

అయితే దానితోని నష్టం కూడ నిజమే. ఊళ్లె మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి వోల్టేజీ పడిపోయేది. బోరుల నీళ్లు ఉన్నయో లేవో చూసే మనిషి అక్కడ ఉండడు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పింది ఇందుకే. ఇన్ని గంటలు వద్దు, బోర్లు ఎండుతయని కొందరు రైతులే అన్నట్టు అప్పుడు వార్తలొచ్చినయి.

ఇప్పుడు మన ముంగట ఉన్న శత్రువు ఇదే. బోరుల మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటరును చల్లబరిచేది చుట్టున్న నీళ్లే. నీళ్లు దిగిపోయి ఉత్తగ తిరిగితే అది వేడెక్కి కాలుతది. కుత్బుల్లాపూర్ 2007ల గ్రేటర్ హైదరాబాద్‌ల కలిసింది. పొలాలు పోయిన చోట అపార్టుమెంట్లు లేచినయి, ఒక్కొక్కదానికి బోర్లు. వాళ్లు తోడేది, మనం తోడేది ఒకే భూమిల నీళ్లు. మోటకాలంల నీళ్లు తగ్గితే కంటికి కనబడేది, ఎడ్లను విప్పేటోళ్లు. ఇప్పుడు మోటరు కాలినంకనే తెలుస్తున్నది.

కాబట్టి ఈ చలికాలం గోనెలు చుట్టే పని లేదు. వేరే పనులున్నయి. స్టార్టర్ డబ్బాల ఉత్త తిరుగుడును ఆపే రిలే పెట్టించుకోండి, ఫేజు పోతే ఆపేది కూడ. డబ్బాకు ఎర్తింగు సక్కగ ఉందో లేదో చూపించుకోండి. మందు పంపును కడిగి, నీళ్లు వంపి, నీడకు పెట్టండి. బ్యాటరీ పంపైతే వాడని నెలల్ల కూడ అప్పుడప్పుడు ఛార్జింగు పెట్టండి. యాసంగిల వరి ఎంత పెట్టాల్నో బోరు ఇప్పుడు పోసే నీళ్లను చూసి కాదు, ఏప్రిల్‌ల ఎంత పోస్తదో పోయినేడు లెక్క చూసి పెట్టండి.

మీ ఊళ్లె మోట ఏ ఏడు ఆగింది, మొదటి కరెంటు మోటరు ఎవరి బాయికి వచ్చింది, అప్పుడు నీళ్లు ఎన్ని గజాల లోతుల ఉండె? ఇంట్ల పెద్దోళ్లను అడిగి రాసి పెట్టుకోండి. వాళ్లు ఉన్నన్ని రోజులే ఆ లెక్క దొరుకుతది.