గోధుమ: బెట్టకు మొక్క స్పందన
నేలలో తేమ తగ్గేకొద్దీ గోధుమ మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. దాంతో రక్షక కణాలు పొటాషియం వదిలేసి, బిగువు సడలి, పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీరు మిగులుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్ అందక కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. ఆకు వేడెక్కి చుట్టుకుంటుంది. కణాల్లో చక్కెరలు, ప్రోలిన్ పేరుకుని నీటిని పట్టి ఉంచుతాయి. ప్రోలిన్ ఎక్కువుంటే బెట్టను తట్టుకునే రకమేనని అనుకోకూడదు. చాలాసార్లు అది దెబ్బ తీవ్రతకే గుర్తు.

పొట్ట దశలో, పుప్పొడి తయారయ్యే వేళ తగిలే బెట్ట మరీ చేటు. పుప్పొడి తాలుపోయి గింజల సంఖ్య పడిపోతుంది. తర్వాత తడి పెట్టినా ఆ నష్టం పూడదు. గింజ పాలుపోసుకునేటప్పుడైతే పోటాకు ముందే పండిపోతుంది, గింజ నొక్కుకుపోతుంది. అప్పుడు కాండంలో దాచుకున్న ఫ్రక్టాన్లు కరిగి కంకికి చేరి కొంత ఆదుకుంటాయి. ఉత్తర భారతంలో వర్షాధారంగా పండించిన పొడుగు రకం సి-306ను బెట్ట పరిశోధనల్లో ఇప్పటికీ పోలిక రకంగా వాడుతుంటారు.